మా పెరటికి ఏ ఆలుగడ్డ?

పెరటి మొక్కల మాట వస్తే మనవారు మల్లెపందిరి దగ్గర మొదలుపెట్టి, కరివేపాకు, నిమ్మ, సొరపాదుల మీదుగా తులసికోట దగ్గరకు వచ్చి ఆగుతారు. ఆలుగడ్డను ఎవరూ తలచుకోరు. సంతలో కుప్పలుగా పోసి అమ్మే దానిని ఇంట్లో పెంచడమేమిటని కాబోలు. డబ్బు ఒక్కటే లెక్కవేసుకుంటే ఆ మాట నిజమే. నేను గుమాస్తాను, లెక్కలో తేడా వస్తే నాకు నిద్ర పట్టదు. కాబట్టి ముందే చెబుతున్నాను, ఆలుగడ్డ వేసి నాలుగు రూకలు మిగుల్చుకుందామనుకునేవారు ఈ వ్యాసం చదవనక్కరలేదు. గోటితో గీరితే తొక్క ఊడివచ్చే లేత గడ్డను, తవ్విన పూటే కూర వండుకుని తినాలని సరదా ఉన్నవారికి మాత్రం నాకు తెలిసిన నాలుగు మాటలు పనికిరావచ్చు.

ముందు పేరు సంగతి. మా బీదరులో ఈ గడ్డకు ఇంటికొక పేరు. మా అమ్మకు అది ఆలుగడ్డ. మా శ్రీమతి కర్నూలు వైపు పిల్ల, ఆమెకు ఉర్లగడ్డ. పక్కింటి కన్నడం వారికి ఆలూగడ్డె. ఎదురింటి మరాఠీ మాస్టరుగారికి బటాటా. మన పుస్తకాలలో, పత్రికలలో బంగాళాదుంప. పేర్లు చూస్తేనే దాని ప్రయాణం కొంత తెలుస్తుంది. బటాటా అన్నది పోర్చుగీసువారు పడమటి తీరంలో దిగినప్పుడు వెంట తెచ్చిన మాట. బంగాళాదుంప అన్న పేరులో బెంగాలు దేశం కనబడుతూనే ఉన్నది. రెండు దిక్కులనుంచి వచ్చిన పేర్లు మా వీధిలో కలుసుకున్నాయన్నమాట.

పేర్లు ఇన్ని ఉన్నా, రకాలు ఎన్ని అని అడిగితే మాత్రం చాలామంది కొత్త ఆలు, పాత ఆలు, పెద్దది, చిన్నది అంటారు. మామిడిపండు దగ్గర మనం అలా మాట్లాడము. బంగినపల్లి వేరు, రసం వేరు అని పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఆలుగడ్డకూ అటువంటి భేదాలే ఉన్నాయి. వాటిలో మన ఊరికి ఏది తగినదో తెలుసుకోకుండా నాటితే, మూడు నెలలు నీళ్ళు పోసి చివరకు గోలీకాయలు ఏరుకోవలసి వస్తుంది.

ఇది పుట్టింటి గుణం మరిచిపోని మొక్క. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. పెరూ, బొలీవియా దేశాల నడుమ టిటికాకా సరస్సు ఉన్న చల్లని మెట్టప్రాంతం. పగలు ఎండ, రాత్రి చలి, ఇది దానికి అలవాటైన రోజు. పగలు ఆకు తయారుచేసిన ఆహారం రాత్రి చల్లగా ఉంటే కిందికి దిగి, భూమిలోని పిలక కొసన గడ్డగా ఊరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు లోపుంటే దానికి సుఖం. అంతకు మించి వెచ్చనయిన కొద్దీ గడ్డ ఊరడం తగ్గిపోతుంది. పైన చూస్తే పచ్చగా, గుబురుగా, కంటికి ఇంపుగా ఉంటుంది. తవ్వి చూస్తే ఏమీ ఉండదు. అందువల్ల ఆలుగడ్డ వేయదలచినవాడు మధ్యాహ్నపు ఎండను చూసి బెదరనక్కరలేదు. తెల్లవారుజామున లేచినప్పుడు దుప్పటి కావాలనిపిస్తున్నదా లేదా అని చూసుకుంటే చాలు.

ఈ లెక్కన మన బీదరు అదృష్టవంతురాలే. సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున, పీఠభూమి అంచున ఉన్నది. కార్తీకం మొదలుకొని పుష్యం దాకా రాత్రులు బాగా చల్లబడతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలన్నారు గదా! ఆలుగడ్డకూ అంతవరకే గడువు. దీపావళి నాడు మొదలై శివరాత్రికి ముగిసే ఆ కొద్ది వ్యవధిలో దాని సంసారమంతా జరిగిపోవాలి.

కర్ణాటకలో ఆలుగడ్డ అనగానే అందరూ హాసను జిల్లా పేరు చెబుతారు. అక్కడ వానాకాలంలోనే వేస్తారు, ఎందుకంటే అక్కడి వానాకాలం చల్లగా ఉంటుంది. వారిని చూసి మనం జూనులో నాటితే పని జరగదు. మనకు మార్గదర్శి హాసను కంటె జహీరాబాదు. ఆ చుట్టుపక్కల, కోహీరు వైపు, చలికాలంలో ఆలుగడ్డ పండించడం ఎప్పటినుంచో ఉన్నది. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు మా తాతగారు గుర్తుకు వస్తారు. ఆయన జహీరాబాదు నుంచి బీదరు వచ్చి స్థిరపడినప్పుడు జిల్లా మారలేదు, రాష్ట్రమూ మారలేదు. తాలూకానుంచి జిల్లా కేంద్రానికి వచ్చారంతే. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు జహీరాబాదు చాలాభాగం మెదకు జిల్లాలోకి పోయింది, బీదరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. మేము కదలలేదు గాని మా బంధువులు పరరాష్ట్రం వారయ్యారు. అయినా వారి నేలకు, మన నేలకు, వారి చలికి, మన చలికి తేడా లేదు. అక్కడ పండే గడ్డ ఇక్కడా పండుతుంది.

ఇక రకాల సంగతి. మన దేశంలో పుట్టిన మేలురకాలన్నిటికీ పేరుకు ముందు ‘కుఫ్రీ’ అని ఉంటుంది. ఇదేమి పేరని మా శ్రీమతి అడిగింది. ఇంటిపేరు అనుకోమన్నాను. మనకు ఇంటిపేరు ముందూ సొంతపేరు తరువాతా వచ్చినట్టే, ఈ గడ్డలకూ ఇంటిపేరే ముందు వస్తుంది. సిమ్లా దగ్గర కుఫ్రీ అనే చల్లని ఊరున్నది. మన మైదానాలలో ఆలుమొక్క సరిగా పూయదు, పూసినా కాయదు. ఆ కొండమీద పూస్తుంది గనుక రెండు రకాలను సంకరం చేసి కొత్త రకం పుట్టించే పని అక్కడ సాగించారు. 1949లో పాట్నాలో మొదలైన కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1956లో సిమ్లాకు మారింది. మన బీదరు రాష్ట్రం మారిన సంవత్సరమే అది కూడా ఊరు మారిందన్నమాట.

ఆ కుటుంబంలో మనకు తెలియవలసినవారు కొందరున్నారు.

పెద్దకోడలి వంటిది కుఫ్రీ జ్యోతి. 1968లో విడుదలయింది. కోడిగుడ్డు ఆకారం, తెల్లని తొక్క, లోతులేని కళ్ళు. తరిగేటప్పుడు వృథా తక్కువ. ఎక్కడ పెట్టినా సర్దుకుపోతుందని పేరు. హాసను రైతులు దశాబ్దాలుగా దీనినే నమ్ముకున్నారు. మొదట్లో ఆకుమాడు తెగులును బాగా తట్టుకునేది. ఆ శక్తి ఇప్పుడు సన్నగిల్లింది. పంటకు మూడు నెలలు దాటుతుంది.

అదే సంవత్సరం వచ్చిన కుఫ్రీ చంద్రముఖి దీనికంటె త్వరగా చేతికి వస్తుంది. గడ్డ కొంచెం చదునుగా, అందంగా ఉంటుంది. తెగుళ్ళకు మాత్రం సుకుమారి.

కుఫ్రీ సింధూరి 1967 నాటిది. లేత ఎర్ర తొక్క, గుండ్రని గడ్డ. చూడగానే ముచ్చటపడి కొంటాము గాని దాదాపు నాలుగు నెలలు నేలలో ఉంటుంది. మనకున్న చలి అంతకాలం నిలవదు.

కుఫ్రీ పుఖ్‌రాజ్ 1998లో వచ్చింది. లోపల పసుపు రంగు. తొందరగా ఊరుతుంది, దండిగా కాస్తుంది. గడ్డలో నీటిపాలు ఎక్కువ, పిండిపాలు తక్కువ. అందుచేత కూరలో ముక్క విడిపోదు గాని వేపుడు, చిప్సు చేయబోతే తృప్తినివ్వదు. చిప్సు చేయాలంటే ఆ పనికే పుట్టించిన కుఫ్రీ చిప్సోనా రకాలున్నాయి.

కుఫ్రీ సూర్య 2006లో విడుదలయింది. పేరుకు తగ్గట్టు వేడిని కొంత ఓర్చుకుంటుంది. ఇతర రకాలు గడ్డ వేయడం మానుకునే వెచ్చని రాత్రులలో కూడా ఇది కొంత వేస్తుంది. చలి ఆలస్యమయ్యే సంవత్సరాలు ఎక్కువవుతున్న ఈ రోజుల్లో దీనిని గుర్తుపెట్టుకోవడం మంచిది.

చివరగా కుఫ్రీ లౌకర్. 1972లో, ముఖ్యంగా దక్కను పీఠభూమిని మనసులో పెట్టుకుని విడుదల చేసిన రకం. మా మాస్టరుగారు ఈ పేరు వినగానే నవ్వారు. మరాఠీలో లవకర్ అంటే త్వరగా అని అర్థమట! ఆ మాట నిలబెట్టుకుని డెబ్బైఅయిదు ఎనభై రోజులకే చేతికి వస్తుంది. గడ్డ తెల్లగా, గుండ్రంగా ఉంటుంది.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. వీటిలో ఏది మేలు అని అడిగితే, ఎక్కువ కాసేది మేలు అని అంగడివాడు చెబుతాడు. మా ఇంట్లో ఆ జవాబు చెల్లలేదు. దానికి కారణం మా బావి.

మా బావి రెండిళ్ళకు ఉమ్మడి. సగం మా పెరట్లో, సగం పక్కింటివారి పెరట్లో ఉన్నట్టు మధ్యగోడ కట్టారు. వారు కన్నడం వారు, మేము తెలుగువాళ్ళం. మూడు తరాలుగా ఆ గిలక మీద మాటా మంచీ జరుగుతూనే ఉన్నది. బీదరు నేల ఎర్రరాయి. వాన కురిసినప్పుడు జల్లెడలాగ లోనికి తీసుకుంటుంది, వేసవి రాగానే జల్లెడలాగే వదిలేస్తుంది. నీటి సంగతి తెలిసినవారు గనుకనే బహమనీల కాలంలో పారశీక దేశపు పద్ధతిలో నేల అడుగున సొరంగాలు త్రవ్వి కరేజులు కట్టారు. నౌబాదులో ఆ కరేజు ఇప్పటికీ చూడవచ్చు. అంతటి రాజులే నీటికోసం అన్ని పాట్లు పడిన ఊళ్ళో గుమాస్తా బావి ఏపాటిది!

2016 వేసవి ఇక్కడివారెవరూ మరచిపోలేరు. ఆ ఏప్రిల్‌లో మన పొరుగున ఉన్న లాతూరుకు మిరజు నుంచి రైలులో నీళ్ళు తెచ్చి పోశారు. 1956కు ముందు మన జిల్లాలోనే ఉన్న ఉద్గీరు ఇప్పుడు ఆ లాతూరు జిల్లాలోనిదే. ఆ సంవత్సరం మా బావిలో చేద అడుగు రాతికి తగిలి ఖణేలుమన్నది. మా అమ్మా, పక్కింటి అవ్వా వంతులు వేసుకుని, రాత్రి ఊరిన నీటిని తెల్లవారుజామున తోడుకుని, బిందెలు లెక్కపెట్టి పంచుకున్నారు. రెండు నెలలపాటు అలా గడిచింది. ఒక్కనాడు కూడా ఒకరిపై ఒకరు గొంతెత్తలేదు. అటువంటి బావి నుంచి గడ్డలకు నీళ్ళు తోడతానని నేను 2022 దసరా నాడు అన్నప్పుడు మా అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం బిడ్డా, నీళ్ళకు ఎంత గోస పడ్డమో అప్పుడే మరిచినవా? తాగే నీళ్ళు తీసుకపోయి గడ్డలకు పోస్తవా?” అన్నది.

ఆ ప్రశ్నకు ‘కాస్త సరదా’ అన్నది జవాబు కాదు. పైగా నీళ్ళు మావి మాత్రమే కావు. సాయంకాలం పక్కింటి అవ్వ దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, “నీర్ ఇద్ర హచ్చు” అన్నది. నీళ్ళుంటే నాటు అని. నీళ్ళున్నాయో లేవో తేల్చవలసింది నేనే అన్నమాట.

కాగితం, పెన్సిలు తీశాను. మా మడి పొడవు పది అడుగులు, వెడల్పు పన్నెండు అడుగులు. రెండడుగులకొక సాలు చొప్పున ఆరు సాళ్ళు; సాలులో ఎనిమిది అంగుళాలకొక గడ్డ, అంటే పదిహేను. మొత్తం తొంభై. చలికాలంలో ఆలుగడ్డకు నీటి అవసరం రోజుకు అయిదు మిల్లీమీటర్లనుకుంటే, మా మడికి రోజుకు యాభై అయిదు లీటర్ల చిల్లర, అంటే పదిహేను లీటర్ల బక్కెట్లు నాలుగు. నాలుగు రోజులకొకసారి పదహారు బక్కెట్లు పోయాలి. డెబ్బైఅయిదు రోజుల రకమైతే మూడు వందల బక్కెట్లు. నూట అయిదు రోజుల రకమైతే నాలుగు వందల ఇరవై. తేడా నూట ఇరవై బక్కెట్లు.

ఆ నూట ఇరవై ఎప్పటివో చూడండి. నవంబరులో బావి నిండుగా ఉంటుంది; అప్పుడు తోడిన వంద బక్కెట్లు ఎవరికీ లోటు చేయవు. చివరి నెల నీళ్ళు జనవరి, ఫిబ్రవరి నెలలవి. బావి దిగిపోవడం అప్పుడే మొదలవుతుంది. ఎక్కువ కాసే రకం ఎక్కువ రోజులు ఉంటుంది. ఎక్కువ రోజులు ఉండే రకం వేసవికి దాచుకోవలసిన నీళ్ళు తాగుతుంది. కనుక మా ఇంటికి రకాన్ని ఎన్నుకోవడమంటే రోజులను ఎన్నుకోవడమే.

అమ్మకు ఈ లెక్క చదివి వినిపించాను. ఆమె కాగితం వైపు చూడలేదు. తన లెక్క తనకున్నది. ఇంట్లో మోటారు ఉన్నా ఆమె చేదతాడు పారవేయలేదు. తాడుకు బార కొకటి చొప్పున ముడులు వేసి ఉంచింది. దసరాకు నీరు నాలుగు బారల మీద ఉంటే ఆ సంవత్సరం బావి మంచిది. సంక్రాంతికి ఆరు, శివరాత్రికి ఎనిమిది అవుతుంది. ఆ సాయంకాలం తాడు వదిలి చూసింది. నాలుగు బారలు. “సంకురాత్రి దాంక పోసుకో. ఆ తరువాత బొట్టు గూడ లేదు” అన్నది.

అయినా ఒక్క రకమే వేస్తే పోలిక తెలియదు గనుక, ఇద్దరు పెద్దలనూ ఒప్పించి మడిని సగం సగం చేశాను. మాస్టరుగారి బంధువులు పూనా వైపు నుంచి లౌకర్ విత్తనం తెచ్చి ఇచ్చారు. జ్యోతి విత్తనం జహీరాబాదు దగ్గర రైతు ఒకరు ఇచ్చారు. రెండూ నలభైఅయిదేసి గడ్డలు. అక్టోబరు 30 ఆదివారం నాడు నాటాము. బక్కెట్ల లెక్క మా అమ్మాయికి అప్పగించాను. అది బావిగోడమీద సుద్దముక్కతో లౌకరుకొక వరస, జ్యోతికొక వరస గీతలు గీసింది. అయిదవ గీత అడ్డంగా కొట్టడం బడిలో నేర్చుకున్నదట.

జనవరి 14న, భోగినాడు, డెబ్బైఆరవ రోజున లౌకర్ తవ్వాము. పదకొండు కిలోలు వచ్చాయి. జ్యోతి అప్పటికి ఇంకా పచ్చగానే ఉన్నది. దానిని ఫిబ్రవరి 12న, శివరాత్రికి ఆరు రోజుల ముందు, నూట అయిదవ రోజున తవ్వాము. పదమూడున్నర కిలోలు. ఎవరైనా చూస్తే జ్యోతే గెలిచిందంటారు. కాని ఆ రెండున్నర కిలోల కోసం ఇరవైతొమ్మిది రోజులు అదనంగా, సగం మడికి రోజుకు రెండు చొప్పున, యాభైఎనిమిది బక్కెట్లు పోశాము. గోడమీది గీతలూ అదే చెప్పాయి. కిలోకు ఇరవైమూడు బక్కెట్లు! ఆ నీళ్ళతో మా రెండిళ్ళకూ తాగడానికి, వంటకు ఎన్నాళ్ళు వస్తాయో మా అమ్మ వేళ్ళమీద లెక్కకట్టి చెప్పింది. సంతలో రెండున్నర కిలోలు ఏ రోజైనా కొనుక్కోవచ్చు. ఫిబ్రవరిలో తోడిన నీటిని మే నెలలో కొనుక్కోలేము.

పదకొండు కిలోలలో రెండు కిలోలు గోడ అవతలికి వెళ్ళాయి. అవ్వ వాటిని ఉడకబెట్టి, నువ్వుల పొడి, మిరపకారం అద్ది, జొన్నరొట్టెలతో మాకే కొంత పంపింది. మా శ్రీమతి ఉర్లగడ్డ కూర చేసింది, అమ్మ ఆలుగడ్డ పులుసు పెట్టింది. పేరు ఏదైనా గడ్డ ఒక్కటే.

ఇప్పుడు విత్తనం విషయం. వంటింట్లో మొలకెత్తిన గడ్డను పాతిపెట్టేవారు చాలామంది. అది లాభం లేదు. శీతలగిడ్డంగుల్లో నిలువచేసే తినే గడ్డకు చాలాచోట్ల మొలక రాకుండా మందు పొగ పెడతారు. మొలక వచ్చినా మరొక చిక్కున్నది. ఆలుగడ్డను గింజతో కాక గడ్డతోనే పెంచుతాము గనుక, తల్లిచెట్టుకున్న వైరసు జబ్బులన్నీ పిల్లకు వారసత్వంగా వస్తాయి. వాటిని మోసుకువచ్చేది పేనుబంక. ఒకప్పుడు పేనుబంక లేని సిమ్లా కొండలమీదనే విత్తనం తయారు చేసేవారు. తరువాత మన శాస్త్రజ్ఞులు ఉత్తరాది మైదానాలలో కూడా పేనుబంక తక్కువగా ఉండే చలినెలలు కనిపెట్టి, ఆ వ్యవధిలోనే విత్తనపు పంట పెంచి, పురుగు పెరగకముందే ఆకును కోసివేసే పద్ధతి నేర్పారు. అందుకే హాసను రైతుకు సైతం విత్తనం పంజాబులోని జలంధరు నుంచి వస్తుంది. మనం కూడా విత్తనపు గడ్డనే అడిగి తీసుకోవాలి. కోడిగుడ్డు కంటె చిన్నది, నలభై గ్రాములది, పొట్టిగా బలంగా మొలకలున్నది మేలు. పొడవుగా తెల్లగా సాగిన మొలక నాటేటప్పుడే విరిగిపోతుంది. అప్పుడే తవ్విన గడ్డ కూడా పనికిరాదు. రెండు నెలలైనా నిద్రపోయి లేస్తేగాని అది మొలవదు.

చిక్కేమిటంటే విత్తనపు గడ్డను యాభై కిలోల సంచిగా అమ్ముతారు. మా మడికి కావలసింది మూడు కిలోల ఆరువందల గ్రాములు. ఒక్క సంచి తెస్తే పదమూడు ఇళ్ళకు సరిపోయి ఇంకా మూడు కిలోలు మిగులుతుంది. మన సంఘంలో పెరడున్న ఇళ్ళు పదమూడు లేవా? దసరా కలయికనాడే పేర్లు వ్రాసుకుంటే దీపావళి నాటికి పంచుకోవచ్చు.

నేల గురించి ఒకటి రెండు మాటలు. మన ఎర్రనేల ఈ పంటకు అనుకూలం. నీరు నిలవదు, గడ్డ నున్నగా వస్తుంది. నల్లరేగడి ఉన్నవారు మాగిన పెంటయెరువు, ఇసుక కలిపి బోదె ఎత్తుగా కట్టుకోవాలి. బూడిద చల్లే అలవాటు మనకు పాతది. ఆలుగడ్డకు మాత్రం ఎక్కువ బూడిద వేయకూడదు. నేలలో క్షారం పెరిగితే గడ్డకు గజ్జి పడుతుంది. వంకాయ, టమాటా, మిరప ఉన్నచోట మరుసటి పంటగా వేయవద్దు. అవన్నీ ఒకే వంశం వారు, ఒకరి జబ్బు ఒకరికి అంటిస్తారు. మొక్క జానెడు ఎదిగాక మొదలుకు మట్టి ఎగదోయాలి. ఎండ తగిలి పచ్చబడిన గడ్డలో విషం పుడుతుంది. దానిని తినకూడదు, పశువులకూ పెట్టకూడదు. తవ్వడానికి పదిరోజుల ముందు నీళ్ళు ఆపితే తొక్క గట్టిపడుతుంది. మట్టి వేసిన మీద ఎండుటాకులు, చెరుకుపిప్పి పరిస్తే తేమ నిలిచి నీరు కొంత కలిసివస్తుంది.

పదమూడు ఇళ్ళ మాట వచ్చింది గనుక మరొకటి కూడా చెప్పాలి. అందరూ ఒకే రకం వేయడం క్షేమం కాదు. ఐర్లండులో బీదలందరూ లంపరు అనే ఒక్క రకాన్నే నమ్ముకుని బతికేవారు. 1845లో ఆకుమాడు తెగులు వచ్చింది. ఒకరి చేనులో చెట్టుకు లేని శక్తి మరొకరి చేనులో చెట్టుకూ లేదు. అంతా ఒకే గడ్డ పిల్లలే గదా! తరువాతి అయిదారు సంవత్సరాలలో ఆకలితో, రోగాలతో సుమారు పది లక్షలమంది చనిపోయారు. ఇంచుమించు అంతమంది దేశం విడిచిపోయారు. తెగులు ఒక్కటే దీనికి కారణం కాదు, పాలకుల నిర్లక్ష్యం కూడా ఉన్నది. అయినా ఒక్క రకం మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో దానివల్ల లోకానికి తెలిసింది. ఆలుగడ్డ పుట్టిన ఆండీస్ కొండలలోని రైతులు ఈనాటికీ ఒకే చేనులో అనేక రకాలు కలిపి వేస్తారు. మన పెరటి పంట పోయినంతమాత్రాన ఎవరూ పస్తుండరు. అయినా సగం ఇళ్ళు లౌకర్, సగం ఇళ్ళు పుఖ్‌రాజో సూర్యో వేసి, సంక్రాంతికి తూకాలు, బక్కెట్ల లెక్కలు కలిపి చూసుకుంటే, రెండేళ్ళలో బీదరు పెరళ్ళకు ఏది తగినదో మనకే తెలిసిపోతుంది. పరిశోధన సంస్థవారు దేశానికంతకూ రకాలు చెప్పగలరు గాని, మన బావి లోతు వారికి తెలియదు.

మా ఇంట్లో మాత్రం ఇప్పుడొక కట్టుబాటు ఏర్పడింది. దసరానాడు అమ్మా, పక్కింటి అవ్వా కలిసి తాడు వదిలి చూస్తారు. నాలుగు బారలలోపే నీరు తగిలితే ఆ సంవత్సరం ఆలుగడ్డ. అయిదు దాటితే మడిలో మెంతికూర చల్లి ఊరుకుంటాము. 2023లో వానలు వెనుకబడి తాడు అయిదున్నర బారలు దిగింది. విత్తనం ఇస్తామని రైతు కబురు చేసినా వద్దని చెప్పి మెంతికూరే వేశాము. ఆ వేసవిలో మే నెలాఖరు దాకా చేద రాతికి తగలలేదు. గడ్డలు వేయనందువల్లనే బావి నిలిచిందని లెక్క తెలిసినవాడిగా నేను చెప్పలేను. అవ్వ మాత్రం ఆ మాట గోడ మీదినుంచి నాలుగుసార్లు చెప్పింది.

బావి ఉన్న చదువరులు ముందు తాడు కొలుచుకుని, ఆ తరువాత సంచి కోసం పేరు ఇవ్వవలసిందిగా మనవి.